రెండో సగం

నేనన్నది ఒక్క మాటే.
"రెండో సగం కాస్త సాగింది."
రాత్రి డ్యూటీలో, పిల్లల వార్డు బయట
సెలైన్ స్టాండుకి ఆనుకుని రాసిన మాట.
సీసా సగం దిగేలోగా
దాని కింద నలభై మూడు జవాబులు.

ఎవరికి పుట్టావన్నారు.
ఎవరి డబ్బు తిన్నావన్నారు.
యూనిఫాంలో నా ఫొటో ఎక్కడ తవ్వి తీశారో,
దానికి మీసాలు గీసి
"సూది గుచ్చే మొహమేనా ఇది" అన్నారు.
గాజువాక నుంచి ఒకడు,
పోయినేడు వాళ్ల చెల్లికి నేను బెడ్ ఇప్పించినవాడు,
పగలబడి నవ్వే బొమ్మ పెట్టాడు.

పదమూడేళ్లు.
జగదాంబ దగ్గర బేనరు కట్టేటప్పుడు
తాడు ఈ కొస పట్టుకున్నది నేను.
ఆడగుంటవి నీకెందుకే అని అమ్మ అరుస్తుంటే
తెల్లారుజాము ఆటకి పూర్ణా మార్కెట్ నుంచి
బంతిపూల బస్తా మోసింది నేను.
అతని సినిమా పోయిన వారం
అన్నం సయించక పడుకున్నది నేను.
అవేవీ ఎవరూ రాసుకోలేదు.

నిజం చెప్పాలి,
నాకిది ముందే తెలుసు.
మధురవాడ కుర్రాడు మౌళి, పదో తరగతి,
"అన్న డాన్సు తగ్గింది" అన్నందుకు
వాళ్లింటి అడ్రసు అందరి ముందూ పెట్టిన రోజు
నేనూ చూశాను.
చూసి, ఫోను బోర్లించి,
పప్పుకి పోపు పెట్టుకున్నాను.
ఇంగువ వాసనొస్తే ఇప్పటికీ
ఆ డోర్ నంబరు గుర్తొస్తుంది.

బయటికి రావడం ఎంత చిన్న పని.
బొటనవేలు ఒక్కసారి.
రేవు వదిలే ఓడకైనా ఒక కూత ఉంటుంది.
తెల్లారి కేజీహెచ్ డౌన్ దిగుతుంటే
అలవాటుగా చెయ్యి సంచిలోకెళ్లింది.
పన్ను పీకించుకున్న చోటికి
నాలుక పోయినట్టు, రోజంతా.

లేబ్‌లో పనిచేసే షకీలా అంది:
"మేం పద్నాలుగు మందిమి. ఎవరికి ఎవరు నచ్చినా పర్లేదు.
తిట్టాలనిపిస్తే ముందు టీ తాగాలి,
అదొక్కటే రూలు. వచ్చీ."

వెళ్లాను గానీ
తొమ్మిది రోజులు నోరు విప్పలేదు.
బొరియలోంచి పీత చూసినట్టు
కళ్లు మాత్రం బయటపెట్టి కూచున్నాను.
పదో రాత్రి, రాసి, చెరిపి, మళ్లీ రాసి,
అదే మాట పెట్టాను.
"అతనంటే నాకు ప్రాణం. కానీ రెండో సగం సాగింది."
ఫోను దిండు కింద దాచాను,
దొంగసొత్తులాగా.

భీమిలిలో పోస్టాఫీసు చేసి రిటైరైన
సూర్యకాంతం గారు రాశారు:
"ఔను తల్లీ. నేనయితే గుర్రెట్టీసేను.
మెలకువొచ్చేసరికి విలన్ చచ్చిపోనాడు."
ఇంకెవరో, పేరు తెలీదు, జాలారిపేట అట,
"నాకు మాత్రం నచ్చిందండీ, ఎందుకంటే"
అని పద్దెనిమిది వరసలు రాశాడు.
నేను ఒప్పుకోలేదు.
అయినా రెండుసార్లు చదివాను.
ఎందుకంటే.
పదమూడేళ్లలో ఆ మాట
నాతో ఎవరూ అనలేదు.

వచ్చే నెల అతని కొత్త సినిమా.
వెళ్తాను. ఈలా వేస్తాను.
నిద్రొస్తే నిద్రపోతాను.

మౌళి నంబరు మొన్న దొరికింది.
"ఆ రోజు నేనూ చూశాను, తమ్ముడూ.
చూసి ఊరుకున్నాను" అని రాశాను.
ఒక్క టిక్కే పడింది.
నంబరు మార్చుకున్నాడేమో.
కిటికీలోంచి యారాడ కొండ మీది దీపం
వచ్చి పోతోంది, వచ్చి పోతోంది.
ఇంకా ఒక్క టిక్కే.
రెండింటికి మళ్లీ డ్యూటీ.